కరుణ గిటారుకు చింతపండు

"సొట్ట మా ఇంటికి రాకముందే ఉన్నది వదినా" అన్నది రూతమ్మ.

"లేదు" అన్న నేను.

"ఉన్నది."

"నా పెండ్లికి మా నాయిన పెట్టిన గంగాళమది. నీ కొడుకు పెండ్లికని నున్నగ తీస్కపోయినవ్, సొట్టతోని తెచ్చినవ్. 'నేనే పెట్టిన' అని ఒక్కసారి నోటితోని అను. ఇగ జన్మల అడగ."

"పెట్టనిది పెట్టిన అని ఎట్లంట?"

రూతమ్మ మా ఆడబిడ్డ, మా ఆయన చెల్లె. ఈ లొల్లికి పదకొండేండ్లు. మా ఆయన పోయి తొమ్మిదేండ్లయింది గని లొల్లి మాత్రం బతికే ఉన్నది. నెలకొక్కసారన్న దుకాణంకొస్తది, చాయ్ తాగుతది, గంగాళం దిక్కు చూస్తది, ఇగ మొదలు. మొన్న అది ఎట్ల ఒడిసిందో చెప్తే మీరు నన్ను చూసి నవ్వుతరు. నవ్వుండ్రి. నేను కూడ ఇప్పుడు నవ్వుతున్న.

మరిపెడల నా బోళ్ల దుకాణం మీకెరికే. పాత ఇత్తడి, రాగి తూకమేసి తీస్కుంట, కొత్త స్టీలిస్త. నాలుగో తరగతిల బడి బందయింది. పేపర్ల రాసింది చదువుడు కష్టం గని, బోలె చూస్తే మాత్రం పాతదా కొత్తదా, ఎన్నిసార్లు మెరుగు పెట్టిండ్రో చెప్త. పాతదానికి మెరుగుబెట్టి కొత్తదని అంటగట్టొస్తరు మస్తుమంది. ఒక్కడు కూడ నన్ను ముంచలే. గిదంత ఎందుకు చెప్తున్ననంటే, ఆ గర్వమే నన్ను ముంచింది.

ఆ గురువారం గంగాళం లొల్లి మంచి ఊపు మీదున్నప్పుడు పార్సిలాయన వచ్చిండు. ఇద్దరు పట్టుకొని దించినంత పొడుగు పెట్టె. రూతమ్మ దాన్ని చూసి, "ఎవ్వలకు వదినా, గింత పెట్టె? శవపెట్టె లెక్కున్నది, కొలత తీస్కున్నవా?" అన్నది.

"కరుణది. గిటారు."

కరుణ నా బిడ్డ. మానుకోట దవాఖానల నర్సు. ఆపరేషన్ రూంల డ్యూటీ. అక్కడే రూం కిరాయికి తీస్కొని ఉంటది, డ్యూటీ లేనప్పుడు మరిపెడకొస్తది. చిన్నప్పటి సంది మా సంఘంల గిటారు వాయిస్తది. గని అది సంఘం గిటారు, అడిగి తెచ్చుకునుడు, మల్ల ఇచ్చుడు. ఒక తీగె తెగితే నెల ఎదురుచూసుడు. రెండేండ్ల సంది జీతంలకెల్లి పక్కకు పెట్టి గీ కరెంటు గిటారు కొన్నది. ఆదివారం జనగామల పెద్ద కూడిక. కరెంటు గిటారు ఆడపిల్ల వాయించుడు మా కూడికల్ల ఎన్నడు లేదు. పాస్టరయ్యను ఆర్నెల్లు అడిగితే, "సరేనమ్మా, ఒక్కసారి చూద్దాం" అన్నడు. ఆ ఒక్కసారి ఆదివారమే. ఆనాడు వాయించకపోతే మల్ల ఎవ్వలు పిలుస్తరు?

"విప్పకుండ్రి, నేనొచ్చి విప్పుత" అని మూడుసార్లు చెప్పింది కరుణ. నేను విప్పకపోదును. రూతమ్మ, "లోపల పగిలిందో ఏమో వదినా, పార్సిలాయన ఉండంగనే చూడాలె" అన్నది. ఆయన పోయి పావుగంటయింది. అయినా విప్పినం.

పెట్టెల ఇంకో పెట్టె. దానికి గొళ్లాలు. మూత లేపితే లోపలంత ఎర్ర మఖమలు. రూతమ్మ చెంగుతోని చేతులు తుడుచుకున్నది, ముట్టుకోకముందే. మఖమలు నడుమ పండుకొని ఉన్నది గిటారు. పాత సర్కారు దవాఖాన గోడ ఉంటది చూడుండ్రి, ఎండకు ఎలిసిన నీలం, అట్లాంటి రంగు. మెడకు లేత కట్టె. కొత్త వార్నిషు వాసన గుప్పున కొట్టింది.

తర్వాత కండ్లద్దాలు పెట్టుకున్న.

రంగు లేసిపోయింది. చెయ్యి ఆనే కాడ అరచెయ్యంత మేర కట్టె బయటపడ్డది. అంచులకు సొట్టలు. మీద గీతలు. ఇనుప సామానంత తుప్పు. తెల్లగుండాల్సిన పలక బీడీ తాగెటోని పండ్ల లెక్క పచ్చబడ్డది.

రూతమ్మ నా దిక్కు చూసింది. నేను గిటారు దిక్కు చూసిన.

"వదినా, మరిపెడల నిన్ను ముంచినోడు లేడంటివి. నీ బిడ్డకైతే పాత సామాను మంచిగనే అంటగట్టిండ్రు."

కరుణ నాకు ఫోన్ల చూపెట్టింది, బొటనవేలంత బొమ్మ. నీలంగ ఉన్నది, మంచిగున్నది అన్న. పాతకాలం మోడల్ అని కూడ చెప్పింది. గని పాతకాలం మోడల్ గంగాళాలు నేను కూడ అమ్ముత. మోడల్ పాతదుంటది, సరుకు కొత్తదుంటది. గిది సరుకే పాతది. వాసన కొత్తది, చూపు పాతది అని అప్పుడన్న నాకు తట్టాలె. మా యాపారంల పాతదాన్ని కొత్తగ చేస్తరు. కొత్తదాన్ని కూసోని పాతగ చేసెటోడు ఒకడుంటడని నాకెవ్వలు చెప్తరు?

కరుణకు ఫోన్ చేద్దామంటే డ్యూటీల ఉన్నది, ఫోన్ లోపలికి పోనియ్యరు. ఇంకోటి, చెప్పుడెట్ల? రెండేండ్లు కొత్త చీర కొనలే పిల్ల. వాపసు పంపితే ఆదివారానికి మల్ల రాదు. ఈ సామాను పట్టుకొని జనగామల అంతమంది ముంగట నిలబడితే, పాతబోళ్లామె బిడ్డ పాత గిటారు తెచ్చింది అంటరు.

"పిల్ల రాకముందే బాగు చేద్దాం" అన్న.

"మనమా?" అన్నది రూతమ్మ.

"తుప్పు తీసుడు నాకు నువ్వు నేర్పుతవా?"

చింతపండు నానబెట్టిన. కొంచెం బూడిద. గిటారును ఒళ్లో పండబెట్టుకొని, గొట్టాలు, మేకులు, తిప్పెటి బుడిపెలు, ఒక్కొక్కటి పీచుతోని తోమిన. తీగెలు కూడ తోముదామంటే రూతమ్మ, "తెగుతయ్ వదినా" అని చెయ్యి పట్టుకున్నది. ఆమె ఆ దినం చేసిన మంచి పని అదొక్కటే. తోమినకొద్ది తుప్పు పోయింది, లోపల తెల్లటి మెరుపు. దేవుడా, ఎంత మంచి సామాను, ఎట్ల చెడగొట్టిండ్రు అనుకున్న. గంటన్నర తోమిన. నా నడుము పోయింది గని బుడిపెలు మాత్రం పెండ్లికొడుకు గుండీల లెక్క మెరిసినయ్.

సాయంత్రం ఫోన్ వచ్చింది.

"అమ్మా, పార్సిల్ వచ్చిందా?"

"వచ్చింది."

"విప్పలే గదా?"

"నాకేం పని?"

రూతమ్మ పక్కన కూసోని చెంగు నోట్లె కుక్కుకున్నది.

శుక్రవారం పొద్దుగాల గిటారును దుప్పట్ల చుట్టి ఖాజా అన్న కాడికి తీస్కపోయినం. ఖాజా అన్న బీరువాలకు, ఆటోలకు రంగు కొడ్తడు. చెయ్యి పెడితే అద్దమే. దుప్పటి విప్పి చూసిండు. కిటికీ కాడికి తీస్కపోయి మల్ల చూసిండు. బొటనవేలుతోని అరుగుడంత తడిమిండు.

"అక్కా, ఇది అరిగింది కాదు. అరగదీసిండ్రు."

"ఎవ్వలు?"

"ఎవ్వలో గాని ఉస్తాద్. చూడు, చెయ్యి ఆనే కాడనే అరిగింది. పగిలిన రంగు లోపల మట్టి లేదు. నాతోని కాదు గిట్లాంటి పని."

"నిన్ను రంగు కొట్టమన్న. పంచనామా చేయమనలే."

ఆయన మెడ గోక్కున్నడు. "నీ మాటే గానియ్ అక్కా. గని ముందుగాల ఎనుక కొడ్త. రంగు కలిసిందో లేదో చూసినంక ముంగట కొడ్త. ఈ ముంగటిదాన్ని ముట్టుకోవాలంటే నాకు మనసొస్తలేదు."

ఖాజా అన్నకు మనసు రాకపోవుడే నన్ను బతికిచ్చింది.

నేను దుకాణంకొచ్చి కూసున్న. రెండు గంటలకు బస్సు దిగింది కరుణ. భుజానికి బ్యాగు, చేతిల ఒక నల్ల డబ్బా. సప్పుడు దాంట్లకెల్లి వస్తదంట. చెమటలు కారుతున్నయ్ గని మొఖం ఎలిగిపోతున్నది.

"అమ్మా, యాడున్నది?"

"అన్నం తిను ముందు."

"యాడున్నదే?"

"ఖాజా అన్న కాడ."

"ఖాజా మామ కాడెందుకున్నది?"

రూతమ్మ పొద్దుగాల సంది ఇంటికి పోకుండ ఈ ముచ్చట కోసమే కూసున్నది. "నడువు బిడ్డా, చూపిస్త" అని చెప్పులేసుకున్నది.

ఖాజా అన్న దుకాణంల పాత బొంత మీద గిటారు బోర్ల పండుకొని ఉన్నది. ఈపు కొత్త ఫ్రిజ్జు లెక్క మెరుస్తున్నది, నీలంగ, నున్నగ. చుట్టూ పేపరు అంటిచ్చి ఉన్నది. కరుణ దాన్ని చూసి, "మంచిగ కొట్టినవ్ మామా. ఎవ్వలది గిది? నాదేది?" అన్నది.

ఖాజా అన్న నా దిక్కు చూసిండు. నేను అక్కడున్న బీరువా దిక్కు చూసిన. కరుణ గిటారు మీదికి వంగింది. అంచులు పట్టుకొని మెల్లగ తిప్పింది.

ముంగటి దిక్కు కనబడంగనే పిల్ల మొఖం మారిపోయింది. ఏడుస్తదనుకున్న. ఏడ్వలే. ఆ అరిగిన కాడ చెయ్యి ఆనిచ్చింది. ఆ సొట్టలన్ని ఏలుతోని తడిమింది, పుట్టిన పిల్లకు ఏళ్లు లెక్కబెట్టినట్టు.

"అబ్బ" అన్నది మెల్లగ. "ఎంత బాగ చేసిండ్రమ్మా."

"ఎవ్వలు?"

"చేసినోళ్లు. అరవయ్యేండ్ల కింది గిటారు లెక్క కనబడాలని ఒక్కొక్క గీత చేతితోని పెడ్తరు. దీని ప్రత్యేకతే అది. గిదే గిటారు నున్నగున్నదైతే ఎనిమిది వేలు తక్కువ."

నాకు ఖాజా అన్న దిక్కు చూసే మొఖం లేకపోయింది. ఆయన మంచోడు, పేపరు సర్దుతున్నట్టు చేసిండు.

"అమ్మా, గీ మేకులకు తుప్పుండాలె. యాడ పోయింది?"

"తోమిన."

"దేనితోని?"

"చింతపండుతోని."

"తుప్పుకు కూడ పైసలు కట్టిన నేను" అన్నది కరుణ.

నేను ముప్పయ్యేండ్ల సంది సామాను అమ్ముతున్న. తుప్పుకు పైసలు కట్టినోళ్లను అప్పుడే మొదటిసారి చూసిన, అది కూడ నా కడుపుల పుట్టింది.

తిడితే మంచిగుండు. తిట్టలే. దవాఖానల నేర్చుకున్న గొంతుతోని అడిగింది. "నీళ్లెన్ని పోసినవ్? ఈ బుడిపెల సందులకెల్లి లోపలికి పోయినయా?"

"పోయినయో ఏమో. ఎందుకు?"

"లోపల వైర్లుంటయమ్మా. తడి పోతే మోగది."

రంగుదేమున్నది, ఎనుక ఎవ్వలు చూస్తరు. మోగకపోతే? ఎల్లుండి జనగామ. ఒక్కసారి చూద్దాం అన్న పాస్టరయ్య. మూగ గిటారు పట్టుకొని నా బిడ్డ ఆడ నిలబడుడు నా కండ్లకు కనబడ్డది.

కరుణ పలక మేకులు తీసి లోపల చూసింది. నా చింతపండు పిప్పి ఒక పలుకు బయటికొచ్చింది. దూది పుల్లలతోని తుడిచింది, గంటసేపు. ఖాజా అన్న గాలి పైపుతోని మెల్లగ కొట్టిచ్చిండు. "పేషెంటును సగం కోసినంక ఆపినవ్ మామా, నయం" అన్నది ఆయనతోని. నన్ను మాత్రం ఏమనలే. అంటే తీరిపోవు.

రంగు ఆరాలె, తడి ఆరాలె. శనివారం పదింటి దాక ముట్టుకోలే. ఖాజా అన్న మా ఇంటిదాక వచ్చుడెందుకని, దుకాణంలనే పెట్టినం, బోళ్ల నడుమ. నల్ల డబ్బాను స్టీలు పళ్లేల దొంతర పక్కన పెట్టింది కరుణ. వైరు గుచ్చింది. ఖాజా అన్న తన పని ఆపి వచ్చి నిలబడ్డడు. రూతమ్మ గిటారు ముంగట స్టూలేసుకొని కూసొని ఏలుతోని గాలిల ఏందో లెక్కబెడుతున్నది. పని లేనోళ్లకు అదే పని అనుకున్న.

కరుణ తీగె మీటింది.

సప్పుడు రాలె.

మల్ల మీటింది. డబ్బాల కెల్లి గుర్రుమన్నది, గంతే. నేను రేకు బల్ల అంచు పట్టుకున్న. మేం ప్రార్థన చేసెటోళ్లం గని నాకు ఆ నిమిషం ఒక్క వాక్యం గుర్తుకు రాలె. చింతపండును కని పారేసిన చెట్టును తిట్టుకున్న.

కరుణ బుడిపె తిప్పింది. టప, టప, టప అన్నది. ఇంకొంచెం తిప్పింది. మల్ల మీటింది.

ఎట్ల చెప్పాలె మీకు. నేను గిటారు సప్పుడు వినని దాన్ని కాదు. సంఘం గిటారు సప్పుడు కట్టెలకెల్లి వస్తది, చెవులకు తాకి పోతది. గిది కాళ్లకెల్లి వచ్చింది. ఒక్క తీగె, ఒక్కసారి మీటితే, నేలలకెల్లి నా మడిమెలకు, మడిమెలకెల్లి రొమ్ముకు. ఒక పొడుగాటి సప్పుడు, ఇత్తడి మీద పొద్దు పడితే మెరిసినట్టున్నది. పోయింది అనుకుంటే పోలె, మెల్లమెల్లగ పల్చబడుకుంట నిలబడ్డది. పిల్ల ఇంకోటి మీటింది. పళ్లేల దొంతర జలజలమన్నది. చెంచాలు కదిలినయ్. తాళ్లకు కట్టిన చెంబులు ఒకదానికొకటి గుసగుసలాడినయ్. ముప్పయ్యేండ్ల సంది గీ బోళ్ల నడుమ కూసుంటున్న. గవి పడితే మోగుతయ్, కొడితే మోగుతయ్. ముట్టుకోకుండ మోగుడు ఎన్నడు చూడలే.

అప్పుడు కరుణ అన్నిటికన్న మీది తీగె, లావుది, మీటింది. దుకాణం ఎనుక మూలకు కూసున్న గంగాళం, నా పెండ్లి గంగాళం, గుమ్మ్... అని మోగింది.

అందరం వెనుకకు తిరిగినం.

"మల్ల కొట్టు బిడ్డా" అన్నది రూతమ్మ.

కరుణ మల్ల కొట్టింది. గంగాళం మల్ల మోగింది. వేరే తీగె కొడితే మూగది. ఆ ఒక్కదానికే జవాబు చెప్తున్నది, పేరు పెట్టి పిలిస్తే పలికినట్టు. పక్కన ఇంకో గంగాళమున్నది, కొత్తది, సొట్ట లేంది. అది ఉలకలే పలకలే. పండ్ల బండాయన వచ్చి నిలబడ్డడు, బస్సు కోసం నిలబడ్డోళ్లు వచ్చిండ్రు. ఒక ముసలాయన గంగాళంల తలకాయ పెట్టి చూసిండు, లోపల ఎవ్వలన్న ఉన్నరేమోనని.

పిల్ల చెయ్యి ఆ అరిగిన కాడ సరిగ్గ ఆనింది. అప్పుడు తెలిసింది నాకు, అది అక్కడ ఎందుకు అరగాల్నో. మా ఆయన తరాజు కట్టె గట్లనే అరిగి ఉండేది, చెయ్యి పట్టే కాడ. ఆయన పోయినంక కొత్త తరాజు కొన్న, పాతది తూకానికేసిన. ఇప్పుడనుకుంటే కొంచెం తొందరపడ్డ అనిపిచ్చింది. గంతే, ఇగ ఆ ముచ్చట వద్దు.

ఆదివారం జనగామల వాయించింది. కొత్తది ఎనుకున్నది, పాతది ముంగటున్నది, ఎవ్వలకు తెలుస్తది? మొదటి పాటల ఆడోళ్లు ఒకళ్ల మొఖం ఒకళ్లు చూసుకున్నరు. రెండో పాటకు పాస్టరయ్య కండ్లు మూసుకున్నడు, తల ఊపుకుంట. గని పాట నడుమ డోలక్ కొట్టేటోళ్ల దిక్కు తిరిగి గిటారు పైకి లేపి సైగ చేసింది కరుణ. లైటు గిటారు ఈపు మీద పడ్డది. ఖాజా అన్న రంగు మామూలుగ మెరవదు. మొదటి వరుసోళ్లు కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నరు.

అయిపోయినంక ఒక సంఘ పెద్ద వచ్చి అడిగిండు. "అమ్మా, ముంగట పాతది, ఎనుక కొత్తది. గిదేం మోడల్?"

"మా అమ్మ మోడల్" అన్నది కరుణ.

పాస్టరయ్య వచ్చే నెల గార్ల కూడికకు కూడ రమ్మన్నడు. ఇగ నాకు పానం కుదుటపడ్డది.

సోమవారం పొద్దుగాల దుకాణం తీస్తున్న, రూతమ్మ వచ్చింది. చాయ్ అడగలే. నేరుగ గంగాళం కాడికి పోయి సొట్ట మీద చెయ్యి పెట్టింది.

"వదినా, ఈ సొట్ట నేనే పెట్టిన."

నా చేతిల తాళంచెవి కింద పడ్డది.

"ట్రాక్టర్ల కెల్లి దించుతుంటే పడ్డది. మా ఇంటాయన ఎవ్వలకు చెప్పకన్నడు."

పదకొండేండ్లు. ఆ మాట కోసం పదకొండేండ్లు. "పోనీ తియ్, ఇప్పటికన్న చెప్పినవ్" అన్న.

"అట్ల పోనియ్యను" అన్నది రూతమ్మ, స్టూలు గుంజుకొని. "సొట్టలు పెడితే ఎనిమిది వేలు ఎక్కువని నీ బిడ్డనే చెప్పింది. శనివారం కూసొని లెక్కబెట్టిన, గీతలు, సొట్టలు కలిపి ఇరవై. ఒక్కోదానికి నాలుగు వందలు పడ్డది. అందరి ముంగట మోగింది సొట్ట గంగాళమా, నున్న గంగాళమా?"

"సొట్టదే."

"సొట్ట ఎవ్వలు పెట్టిండ్రు?"

నేను ఏమంట? "నువ్వు పెట్టలే" అంటే పదకొండేండ్ల లొల్లి నేనే ఓడినట్టు. "పెట్టినవ్" అంటే పైసలియ్యాలె. అటు జూసిన, ఇటు జూసిన. కరుణ ఎనుక కెల్లి, "ఇచ్చెయ్యమ్మా, అత్తమ్మ ఉస్తాద్ పని చేసింది" అన్నది.

సరే గని యాపారం యాపారమే. నా దుకాణంల పాత ఇత్తడి ఏదొచ్చినా తరుగు తీస్త, నూటికి పది. ఆడబిడ్డకైనా అంతే. తరుగు పోను లెక్కజేసి, గల్లపెట్టెల కెల్లి తీసి, రూతమ్మ చేతిల పెట్టిన: మూడు వందల అరవై రూపాయలు.